స్కీన్స్ ఉన్నా ఓడుతున్నారు: పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టు కట్టే లెక్క

అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఉన్న రెండు లీగుల్లో నేషనల్ లీగ్ ఒకటి. 2025లో ఆ లీగ్ ఉత్తమ పిచర్‌కి, అంటే బంతి విసిరేవాడికి, ఇచ్చే సై యంగ్ అవార్డు పిట్స్‌బర్గ్ పైరేట్స్ కుర్రాడు పాల్ స్కీన్స్‌కి వచ్చింది. ఓటు వేసిన ప్రతి ఒక్కరూ మొదటి స్థానం అతనికే రాశారు. ఒక పూర్తి ఆటకి, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి, అతను ఇచ్చిన పరుగుల సగటు 1.97. సీజన్ అంతా ఆడి ఆ సగటు రెండుకి లోపు ఉంచడం ఏ తరంలోనైనా కొద్దిమందికే సాధ్యం. అదే ఏడాది అతని పేరు మీద నమోదైన గెలుపులు 10, ఓటములు 10. జట్టు 162 ఆటల్లో 71 గెలిచి, 91 ఓడి, అయిదు జట్ల డివిజన్‌లో అయిదో స్థానంలో మిగిలింది.

పరుగులు ఇవ్వని పిచర్ సగం ఆటలు ఓడాడంటే తప్పు ఎక్కడుందో క్రికెట్ తప్ప మరో ఆట తెలియనివాళ్లు కూడా చెప్పగలరు. అతని వెనక బ్యాటింగ్ లేదు. ఆ ఏడాది మొత్తం 30 జట్లలోకీ తక్కువ హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టింది పైరేట్సే. ఒకట్రెండు పరుగులిచ్చి ఏడో ఇన్నింగ్స్‌లో డగౌట్‌లోకి వచ్చి కూర్చునే స్కీన్స్‌ని, తనవాళ్లు ఒక్క పరుగు కూడా తీయకుండా వెనక్కి రావడాన్ని చూసీ చూసీ ఆ ఊరి అభిమానులకి విసుగు పుట్టింది.

పిట్స్‌బర్గ్ అనగానే మనవాళ్లకి ముందు గుర్తొచ్చేది పెన్ హిల్స్ కొండ మీది వేంకటేశ్వర స్వామి గుడి. 1970ల నుంచీ అమెరికా తెలుగువాళ్లు మొక్కులు తీర్చుకోవడానికి అక్కడికి వెళ్తూనే ఉన్నారు. నగరం నడిబొడ్డున, అలెగెనీ నది ఒడ్డున పైరేట్స్ సొంత మైదానం పీఎన్‌సీ పార్క్ ఉంది. 2001లో కట్టిన ఆ స్టేడియం అమెరికాలోని అందమైన బేస్‌బాల్ మైదానాల్లో ఒకటని అవతలి జట్ల అభిమానులు కూడా ఒప్పుకుంటారు. బేస్‌బాల్ ఓనమాలు తెలియని మన బంధువుల్ని తీసుకెళ్లినా నది, వంతెన, వెనక భవనాలు చూసి ఫొటోలు తీసుకుంటారు. ఆట సంగతి వేరు.

ఆ ఊరికి ఆట కొత్త కాదు. లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్‌ని అయిదుసార్లు గెలిచిన జట్టు ఇది, ఆఖరిసారి 1979లో. 1992లో ఫైనల్ గడప దాకా వెళ్లి, అట్లాంటా చేతిలో చివరి బంతికి ఓడింది. ఆ శీతాకాలమే జట్టు స్టార్ బ్యాటర్ బ్యారీ బాండ్స్ శాన్‌ఫ్రాన్సిస్కోకి వెళ్లిపోయాడు. 1993 నుంచి 2012 దాకా వరసగా 20 సీజన్లు గెలుపులకంటే ఓటములే ఎక్కువ. అమెరికా ప్రొఫెషనల్ ఆటల్లో ఏ జట్టుకీ లేని రికార్డు అది. 2013, 14, 15లలో మూడేళ్లు వెలుగొచ్చింది. 2015లో ఏకంగా 98 ఆటలు గెలిచి కూడా, ఒక్క ఆటతో తేలిపోయే వైల్డ్ కార్డ్ పోరులో షికాగో చేతిలో ఇంటిదారి పట్టింది. ఆ తర్వాత 2025 దాకా ప్లేఆఫ్ ముఖం చూడలేదు.

అభిమానులు చెప్పే కారణం మూడు ముక్కలు: ఓనర్ పిసినారి. 2007 నుంచీ జట్టు బాబ్ నటింగ్ చేతిలో ఉంది. "జట్టు అమ్మెయ్" అన్న నినాదం స్టేడియంలో ఇప్పుడు మామూలైపోయింది. 2025 ఏప్రిల్‌లో సొంత మైదానంలో తొలి ఆట రోజున అదే మాట రాసిన బ్యానర్‌ని విమానానికి కట్టి ఆకాశంలో తిప్పారు. ఆ కారణం నిజమే కానీ సగమే నిజం. మిగతా సగం తెలియాలంటే బేస్‌బాల్‌లో జట్టు ఎలా కడతారో కాస్త లోపలికి వెళ్లి చూడాలి.

ఐపీఎల్ అలవాటైనవాళ్లకి మొదట తగిలే తేడా డబ్బు. 2025 మెగా వేలంలో పది జట్లకీ పర్సు ఒకటే, 120 కోట్లు. చెన్నైకి ఎక్కువా లక్నోకి తక్కువా ఉండదు. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో అలాంటి పరిమితి లేదు. కనీసం ఇంత ఖర్చు పెట్టి తీరాలన్న నియమమూ లేదు. ఉన్నదల్లా ఒక గీత. జీతాల మొత్తం ఆ గీత దాటితే పన్ను కట్టాలి. 2025లో అది 24.1 కోట్ల డాలర్లు. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ దాన్ని ఎంత దూరం దాటారంటే, ఆ ఏడాది వాళ్లు కట్టిన పన్నే 16.94 కోట్ల డాలర్లు. పైరేట్స్ ఆటగాళ్లందరి జీతాలూ కలిపినా డాడ్జర్స్ పన్నుకి చాలవు.

డాడ్జర్స్‌కి అంత డబ్బు ఎక్కడిది? టీవీ నుంచి. ఐపీఎల్‌లో ప్రసార హక్కుల్ని బోర్డు గుత్తగా అమ్మి ఫ్రాంచైజీలకి పంచుతుంది. అమెరికాలో జాతీయ ప్రసారాల సొమ్మే అలా పంచుతారు. స్థానిక ప్రసారాల హక్కులు ఏ జట్టువి ఆ జట్టువే. డాడ్జర్స్ 2013లో కుదుర్చుకున్న ఒప్పందం 25 ఏళ్లకి 835 కోట్ల డాలర్లు. పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల జనాభా ఎంత? అందులో టీవీ పెట్టేవాళ్లు ఎంతమంది? ఎంత ఉదారంగా లెక్కేసినా ఆ అంకె దరిదాపులకి కూడా రాదు.

ఈ తేడా తగ్గించడానికి రెవెన్యూ షేరింగ్ అనే ఏర్పాటు ఉంది. ప్రతి జట్టూ తన స్థానిక ఆదాయంలో 48 శాతం ఒక హుండీలో వేస్తుంది, ఆ మొత్తాన్ని 30 జట్లూ సమానంగా పంచుకుంటాయి. పెద్ద ఊళ్ల జట్లు వేసేది ఎక్కువ, తీసుకునేది తక్కువ. పైరేట్స్‌ది తీసుకునే వరస. ఆ డబ్బు జట్టుని మెరుగుపరచడానికే వాడాలని ఒప్పందంలో ఉంది. కానీ మెరుగుపరచడం అంటే ఏమిటి? కొత్త బ్యాటర్‌ని కొనడమా, డొమినికన్ రిపబ్లిక్‌లో అకాడమీ నడపడమా, కంప్యూటర్ల ముందు కూర్చునే విశ్లేషకుల్ని పెట్టుకోవడమా? 2018లో ఆటగాళ్ల సంఘం నాలుగు జట్ల మీద ఫిర్యాదు దాఖలు చేసింది, షేరింగ్ సొమ్ము సరిగ్గా వాడటం లేదని. ఆ నాలుగింటిలో పైరేట్స్ ఒకటి. అంతకుముందు 2010లో జట్టు లెక్కల పత్రాలు బయటికి పొక్కాయి. 2007, 2008 రెండేళ్లూ ఓడుతూనే కలిపి 2.94 కోట్ల డాలర్ల లాభం చేసుకున్నట్టు వాటిలో తేలింది. ఓడినా లాభమే వస్తుంటే గెలవడానికి తొందరేముంది? అభిమానుల కడుపుమంట మొదలయ్యేది ఈ ప్రశ్న దగ్గరే.

అయినా డబ్బు ఒక్కటే చూస్తే అసలు సంగతి చేజారిపోతుంది. బేస్‌బాల్‌లో జట్టు కట్టేవాళ్లు డబ్బుకంటే జాగ్రత్తగా లెక్కపెట్టేది రోజుల్ని.

కుర్రాడు మేజర్ లీగ్‌లో అడుగు పెట్టిన రోజు నుంచీ అతని సర్వీస్ టైమ్ గడియారం తిరుగుతుంది. 172 రోజులు గడిస్తే ఒక ఏడాది కింద లెక్క. అలాంటి ఏళ్లు ఆరు పూర్తయ్యేదాకా అతను ఆ జట్టు సొత్తు, వేరే జట్టుతో బేరమాడే హక్కు లేదు. మొదటి మూడేళ్లు దాదాపు కనీస జీతమే, 2025లో అది 7.6 లక్షల డాలర్లు. తర్వాతి మూడేళ్లు ఆర్బిట్రేషన్. ఆటగాడు ఒక అంకె చెప్తాడు, జట్టు ఒక అంకె చెప్తుంది, రాజీ కుదరకపోతే మధ్యవర్తులు రెండింటిలో ఒకటి ఎంచుతారు. అప్పటికీ బజారు ధర రాదు. ఆరేళ్లూ నిండాకే ఫ్రీ ఏజెంట్. అప్పుడు హువాన్ సోటో లాంటి బ్యాటర్ న్యూయార్క్ మెట్స్ నుంచి 76.5 కోట్ల డాలర్ల ఒప్పందం పుచ్చుకుంటాడు.

సై యంగ్ గెలిచిన ఏడాది స్కీన్స్ జీతం 8.75 లక్షల డాలర్లు. బాగా ఆడిన కుర్రాళ్లకి లీగ్ ఇచ్చే బోనస్ దానికి అదనం, అది లీగ్ ఉమ్మడి నిధి నుంచి వస్తుంది. డబ్బు లేని జట్టుకి ఇంతకంటే పెద్ద వరం లేదు. ఫ్రీ ఏజెంట్‌గా ఏడాదికి మూడు నాలుగు కోట్లు అడగగలిగిన పిచర్ కోటిలోపు దొరుకుతున్నాడు. మిగిలిన ఆ మూడు కోట్లు బ్యాటర్ల మీద పెడతారని ఎవరైనా అనుకుంటారు. పెట్టలేదు.

నాకు కనిపించే అసలు లోపం ఇదే. పైరేట్స్ యాజమాన్యం చవకైన ఏళ్లని పోగేయడంలో ఆరితేరింది, పోగేసినవాటిని ఖర్చు చేయడం మాత్రం రాలేదు. ఒకప్పుడు మన ఊళ్లలో ఇంటి తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసేవారు. ఎప్పుడొచ్చి చదివినా రేపే. పైరేట్స్ జట్టు ప్రణాళిక కూడా ఏ ఏడాది తీసి చూసినా అదే మాట చెప్తోంది.

2018 జనవరి ఇందుకు మంచి ఉదాహరణ. పిచర్ గెరిట్ కోల్‌ని హ్యూస్టన్‌కి, ఆ ఊరి ముద్దుబిడ్డ ఆండ్రూ మెక్‌కచెన్‌ని శాన్‌ఫ్రాన్సిస్కోకి ట్రేడ్ చేశారు. ఒకటి రెండేళ్లలో వాళ్ల మీద జట్టు హక్కు ముగిసిపోతుంది, కాబట్టి బదులుగా కుర్రాళ్లని తీసుకోవడం చిన్న ఊరి జట్లన్నీ చేసే పనే. మెక్‌కచెన్‌కి బదులు వచ్చినవాళ్లలో బ్యాటర్ బ్రయాన్ రేనల్డ్స్ ఉన్నాడు, అది మంచి బేరమే. విచిత్రం ఏమిటంటే, అదే ఏడాది జులైలో జట్టు కాస్త గెలిచేసరికి దారి మార్చారు. టాంపా బే నుంచి క్రిస్ ఆర్చర్ అనే పిచర్ కోసం టైలర్ గ్లాస్‌నో, ఆస్టిన్ మెడోస్, షేన్ బాజ్ ముగ్గుర్నీ ఇచ్చేశారు. ఆర్చర్ మరుసటి ఏడాది సగటున అయిదుకి పైగా పరుగులిచ్చి, 2020లో శస్త్రచికిత్సతో కూర్చుండిపోయాడు. మెడోస్ 2019లోనే ఆల్‌స్టార్ అయ్యాడు, గ్లాస్‌నో తర్వాత డాడ్జర్స్ దాకా వెళ్లాడు. ఆరునెలల్లో ఒకసారి రేపటి కోసం ఇవాళని అమ్మి, ఇంకోసారి ఇవాళ్టి కోసం రేపటిని అమ్మారు. రెండూ సగం సగమే. కోల్ ఉండగా ఆర్చర్‌ని తెచ్చి ఉంటే దాన్ని ధైర్యం అని ఒప్పుకునేవాణ్ణి.

2019 నవంబర్‌లో బెన్ చెరింగ్టన్ జనరల్ మేనేజర్‌గా వచ్చి అంతా మొదటినుంచి కడదామన్నాడు. 2021లో 101 ఓటములు, 2022లో 100. ఓడితే వచ్చే లాభం డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త కుర్రాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట, ముందు వరస. 2021లో మొదటి పిక్ వీళ్లదే, 2023లోనూ లాటరీలో మొదటి పిక్ తగిలింది, స్కీన్స్ అలా వచ్చాడు. 2021లో తీసుకున్న క్యాచర్ హెన్రీ డేవిస్ మాత్రం 2025 దాకా బ్యాట్‌తో నిలదొక్కుకోలేదు. ఇక్కడే ఒక పద్ధతి కనిపిస్తుంది. పిచర్లని తయారు చేయడం ఈ సంస్థకి తెలుసు. స్కీన్స్ వెనకాలే బబ్బా చాండ్లర్, బ్రాక్స్‌టన్ ఆష్‌క్రాఫ్ట్ పైకొచ్చారు. బ్యాటర్లు మాత్రం కింది స్థాయి మైనర్ లీగ్‌లో మెరిసి పైకి రాగానే చల్లబడుతున్నారు. ఇది ఓనర్ జేబుకి సంబంధించింది కాదు. కోచింగ్‌ది, ఆటగాణ్ణి ఎంచే కంటిది.

సొంతంగా పండించలేని బ్యాటింగ్‌ని బయట కొనాలి. కొన్నారు, ఏడాదికోసారి, సంత ముగిసే వేళకి మిగిలినవాళ్లని. 2020 డిసెంబర్‌లో బ్యాటర్ జాష్ బెల్‌ని పంపేశాక అతను ఆడే ఫస్ట్ బేస్ స్థానంలో ఏటా కొత్త మొహమే. 2023లో కార్లోస్ సాంటానా వచ్చాడు, జులైలో అతన్ని అమ్మింది ఎవరికనుకున్నారు? అదే డివిజన్‌లో ప్రత్యర్థి మిల్వాకీకి. 2024లో రౌడీ టెల్లెజ్ వచ్చాడు. ఒప్పందం ప్రకారం ఇంకో నాలుగుసార్లు బ్యాటింగ్‌కి దిగి ఉంటే అతనికి 2 లక్షల డాలర్ల బోనస్ వచ్చేది. సీజన్ చివరి వారంలో అతన్ని వదిలేశారు. బోనస్‌కీ దీనికీ సంబంధం లేదని మేనేజ్‌మెంట్ చెప్పుకుంది. నమ్మినవాళ్లు తక్కువ. నమ్మకం పోయిన చోట నిజం చెప్పినా అబద్ధంలాగే వినిపిస్తుంది.

దీర్ఘకాల ఒప్పందాలు అసలే చేయలేదనడం మాత్రం అన్యాయం. కెబ్రయాన్ హేస్‌కి 8 ఏళ్లకి 7 కోట్లు, రేనల్డ్స్‌కి 8 ఏళ్లకి 10.675 కోట్లు, పిచర్ మిచ్ కెల్లర్‌కి 5 ఏళ్లకి 7.7 కోట్ల డాలర్లు రాసిచ్చారు. అందరూ లోపలివాళ్లే. ఫ్రీ ఏజెంట్ ఒప్పందాల్లో పెద్దది 2014 డిసెంబర్‌లో ఫ్రాన్సిస్కో లిరియానోకి ఇచ్చిన 3.9 కోట్లు, అతనూ అప్పటికే పైరేట్స్‌కి ఆడుతున్న పిచరే. హేస్ థర్డ్ బేస్‌లో గోడలా నిలబడ్డాడు కానీ బ్యాట్ పలకలేదు, 2025 జులైలో సిన్సినాటికి వెళ్లిపోయాడు. ఆ వారంలోనే పిట్స్‌బర్గ్ పక్క ఊరి కుర్రాడు, ఆట చివర్లో దిగి ముగించే పిచర్ (క్లోజర్) డేవిడ్ బెడ్నార్‌ని యాంకీస్‌కి ఇచ్చి ముగ్గురు కుర్రాళ్లని తెచ్చుకున్నారు. అంటే మళ్లీ రేపే.

యాజమాన్యం తరఫు వాదన కొట్టిపారేయదగ్గది కాదు. 70 గెలుపుల జట్టు డబ్బు పోసి 78కి వెళ్తే లాభమేమిటి? ప్లేఆఫ్ రాదు, టికెట్లు పెద్దగా పెరగవు, డ్రాఫ్ట్‌లో వరస వెనక్కి పోతుంది. ఖర్చు పెడితే 85 నుంచి 92కి వెళ్లే ఏడాదే పెట్టాలి. కుర్రాళ్లంతా ఒకేసారి పక్వానికి వచ్చేదాకా ఆగాలి. పదేళ్ల కిందట ఈ లెక్కకి తిరుగు లేదు.

2022లో నియమం మారింది. ప్లేఆఫ్‌కి లీగ్‌కి ఆరేసి జట్లు వెళ్తున్నాయి. 2023లో అరిజోనా 84 గెలుపులతో లోపలికి దూరి వరల్డ్ సిరీస్ దాకా వెళ్లింది. 2025లో నేషనల్ లీగ్‌లో ఆఖరి చోటు దక్కింది సిన్సినాటికి, 83 గెలుపులతో. పైరేట్స్ డివిజనే, పెద్ద ఊరేం కాదు, పెద్ద జీతాలేం లేవు. పైరేట్స్‌కీ వాళ్లకీ తేడా 12 ఆటలు. 1.97 పిచర్ చేతిలో ఉన్న జట్టుకి ఇద్దరు మంచి బ్యాటర్లు ఉంటే ఆ తేడా ఎంత తగ్గేదో ఊహించడం కష్టం కాదు. ఎదురుచూపుకి ఒకప్పుడున్న విలువ ఇప్పుడు లేదు, ఎందుకంటే గడప కిందికి దిగింది. అది దిగిందని పిట్స్‌బర్గ్ ఆఫీసులో ఎవరూ గమనించినట్టు లేదు.

ఇక మిల్వాకీని చూస్తే డబ్బు సాకు నిలబడదు. మేజర్ లీగ్‌లోకెల్లా చిన్న మార్కెట్ వాళ్లది. 2025లో 97 గెలుపులతో మొత్తం 30 జట్లలో మొదటి స్థానం. వాళ్లూ ఖరీదయ్యేలోపే స్టార్లని అమ్ముతారు, వాళ్లూ ఫ్రీ ఏజెంట్ల బజారులో బేరాలు చూసే కొంటారు. తేడా ఏమిటంటే అమ్మిన ప్రతిసారీ ఆ ఏడాదే ఆడగలవాణ్ణి తెస్తారు, వచ్చినవాణ్ణి మెరుగు చేస్తారు. నిజానికి నటింగ్ ఎక్కువ ఖర్చు పెట్టినా గెలవకపోవచ్చు, కానీ తక్కువ ఖర్చుతో తప్పులు చేసే వెసులుబాటు ఉండదు. డాడ్జర్స్ ఒక ఆర్చర్ ట్రేడ్‌లో మునిగినా మరుసటి శీతాకాలం ఇంకొకణ్ణి కొనుక్కుంటారు. పైరేట్స్‌కి అలాంటి తప్పు అయిదేళ్ల శిక్ష.

డాడ్జర్స్ పేరెత్తితే ఒక పాత సంగతి చెప్పుకోవాలి. 1954 నవంబర్‌లో అప్పటి బ్రూక్లిన్ డాడ్జర్స్ ఒక ప్యూర్టోరికో కుర్రాణ్ణి తమ మైనర్ జట్టులో దాచుకున్నారు. పెద్ద జట్లు కుర్రాళ్లని ఇలా కింద అట్టే పెట్టుకోకుండా రూల్ 5 డ్రాఫ్ట్ అనే పద్ధతి ఉంది. దాని ప్రకారం పైరేట్స్ 4,000 డాలర్లు కట్టి అతన్ని ఎగరేసుకుపోయారు. అతనే రాబర్టో క్లెమెంటే. రెండు వరల్డ్ సిరీస్‌లు, 3,000 హిట్లు. చివరికి 1972 డిసెంబర్ 31న నికరాగువా భూకంప బాధితులకి సాయం తీసుకెళ్తూ విమాన ప్రమాదంలో పోయాడు. పీఎన్‌సీ పార్క్‌లో కుడివైపు గోడ ఎత్తు 21 అడుగులు, అతని జెర్సీ నంబర్ గుర్తుగా. 2025లో ఆ గోడ మీది అతని 21 గుర్తుని తీసేసి ఒక మద్యం బ్రాండ్ ప్రకటన పెట్టారు. ఊరు భగ్గుమంటే మళ్లీ యథాస్థానంలో పెట్టారు. చవకగా దొరికే మెరుపుని అందరికంటే ముందు పసిగట్టడం ఆ జట్టుకి ఒకప్పుడు తెలుసు. 2008లో టీవీ పోటీతో వెలుగులోకి వచ్చిన రింకు సింగ్ (క్రికెటర్ రింకు కాదు), దినేశ్ పటేల్ అనే మన ఉత్తరప్రదేశ్ కుర్రాళ్లతో సంతకం చేయించిందీ పైరేట్సే. వాళ్లు పైదాకా రాలేదనుకోండి, అయినా ఎవరూ చూడని చోట చూడాలన్న ఆలోచన మంచిదే.

స్కీన్స్ విషయంలో గడియారం లెక్క కూడా తిరగబడింది. 2024 సీజన్ మొదలైన ఆరు వారాలకి, మే 11న అతన్ని పైకి పిలిచారు. అంతకుముందు ఏడాది ప్రొఫెషనల్‌గా అతను వేసింది ఏడు ఇన్నింగ్స్‌లోపే, చేతికి భారం మెల్లగా పెంచాలన్న మాటలో కొంత న్యాయముంది. పనిలో పనిగా అతని మీద జట్టుకి ఇంకో ఏడాది హక్కు కలిసొస్తుందన్నది అందరికీ తెలిసిన రహస్యం. కానీ అతను ఉత్తమ కొత్త ఆటగాడికి ఇచ్చే రూకీ ఆఫ్ ది ఇయర్ గెలిచాడు. కొత్త నియమం ప్రకారం ఆ అవార్డుతో పూర్తి ఏడాది సర్వీస్ దక్కుతుంది. మొదటి రోజు నుంచీ ఆడించి ఉంటే జట్టుకి బహుమానంగా అదనపు డ్రాఫ్ట్ పిక్ కూడా వచ్చేది. ఏడాదీ మిగల్లేదు, పిక్కూ రాలేదు.

2025 సీజన్ ముగిశాక కొంత కదలిక వచ్చింది. డిసెంబర్‌లో మూడు జట్ల ట్రేడ్‌లో టాంపా బే నుంచి బ్రాండన్ లౌ అనే బ్యాటర్‌ని తెచ్చారు, అంతకుముందు సీజన్‌లో 31 హోమ్ రన్లు కొట్టినవాడు. తర్వాత రయాన్ ఓహార్న్‌కి రెండేళ్లకి 2.9 కోట్ల డాలర్లు ఇచ్చారు. బయటి బ్యాటర్‌కి ఒక ఏడాదికి మించి ఒప్పందం ఇవ్వడం ఆ ఊళ్లో చాలా ఏళ్లుగా కనిపించని దృశ్యం. పద్ధతి మారిందో, అరుపులు తట్టుకోలేక చేసిందో చెప్పలేం. లౌ ఒప్పందంలో మిగిలింది ఒక్క ఏడాదే. అంటే ఈసారి చేతిలో ఉన్నది తేదీ వేసిన చెక్కు, రేపటికి వాయిదా వేయడం కుదరదు.

స్కీన్స్ జీతం 2027 నుంచి ఆర్బిట్రేషన్‌లోకి వస్తుంది, 2029 సీజన్ తర్వాత అతను ఫ్రీ ఏజెంట్. ఈలోగా 2026 డిసెంబర్ 1తో ఆటగాళ్ల సంఘానికీ ఓనర్లకీ మధ్య ఉన్న ఒప్పందం ముగుస్తుంది. జీతాల మీద పరిమితి పెట్టాలని కొందరు ఓనర్లు, ససేమిరా అని సంఘం. పరిమితి పెడితే దానితోపాటు కనీస ఖర్చు కూడా పెట్టాల్సి వస్తుంది. ఆ కనీసం పైరేట్స్ ఇప్పటి ఖర్చుకంటే పైన ఉంటే నటింగ్ ఓటు ఎటు పడుతుందో పిట్స్‌బర్గ్‌లో ఏ బార్‌లో అడిగినా చెప్తారు.